గద్ద గూడు పక్కన ఇల్లు కట్టుకోవచ్చా? ఫ్లోరిడాలో స్థలం కొన్నవారికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఓర్లాండోకి పడమర వైపు ఒక సరస్సు దగ్గర రెండున్నర ఎకరాల స్థలం కొన్నారు. ఈశాన్య మూల దాటాక, పక్కవాళ్ల స్థలంలో ఉన్న స్లాష్ పైన్ చెట్టు మీద బాల్డ్ ఈగిల్ (తెల్ల తల గద్ద) గూడు ఉంది. మీరు అనుకుంటున్న రెండంతస్తుల ఇంటికీ ఆ చెట్టుకీ మధ్య సుమారు 400 అడుగుల దూరం. చెట్టుకి అవతలి పక్క 350 అడుగుల్లో ఎప్పటినుంచో ఒక ఇల్లు ఉంది. మీ బిల్డర్ "గూడు ఖాళీగానే ఉంది, నవంబర్‌లో మొదలుపెట్టేద్దాం, ఎవరూ పట్టించుకోరు" అంటున్నాడు. పొరుగాయనేమో "ఇక మీరు జన్మలో అక్కడ కట్టలేరు" అని భయపెడుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చు, గద్దలూ అక్కడే ఉండొచ్చు. కానీ పని నవంబర్‌లో మొదలవకూడదు. ఇంటి ప్లాన్ గీసేటప్పుడే గద్దల క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోవాలి. నేను ఫ్లోరిడాలో నిర్మాణాలు జరిగేచోట పక్షుల సర్వేలు చేస్తూ, పని జరుగుతున్నంతసేపూ గూళ్లని గమనించే బయాలజిస్టుగా చాలా ఏళ్లుగా ఉన్నాను. గూడు వల్ల అసలు కట్టలేకపోయిన ఇల్లు అరుదు. గూడు సంగతి ఆలస్యంగా తలకెక్కి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు మాత్రం తరచూ కనిపిస్తారు.

ముందు "ఖాళీ గూడు" విషయం తేల్చుకుందాం. సెప్టెంబర్‌లో ఫ్లోరిడాలో ఏ ఈగిల్ గూడు చూసినా ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు వేసవిలో ఉత్తరానికి, చీసాపీక్ బే వైపూ ఇంకా పైకీ వెళ్లిపోతాయి. పెద్దవి అక్టోబర్ వచ్చేసరికి మళ్లీ పుల్లలు మోయడం మొదలుపెడతాయి. అదే గూటికి ఏటా కొత్త వరస చేర్చుకుంటూ పోతాయి కాబట్టే అది అంత పెద్దదవుతుంది. ఫ్లోరిడాలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర కొలిచిన ఒక గూడు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉంది. బరువు రెండు టన్నుల పైమాటే. పక్షి కనబడనంత మాత్రాన ఆ గూడు వదిలేసినట్టు కాదు.

చట్టం కూడా అలాగే చూస్తుంది. 1940 నాటి ఈగిల్ రక్షణ చట్టం ప్రకారం గూట్లో పక్షి ఉన్నా లేకపోయినా గూటిని ముట్టుకోవడం నేరం. 2007లో బాల్డ్ ఈగిల్‌ని అంతరించిపోయే జాతుల జాబితా నుంచి తీసేశారు కదా, ఇక ఫరవాలేదనుకునేవాళ్లు చాలామంది. ఆ జాబితా వేరు, ఈ చట్టం వేరు. ఇది ఇప్పటికీ అమల్లో ఉంది. చంపడం, గూడు పడగొట్టడం ఒక్కటే కాదు, గాయమయ్యేలా, పిల్లలు తగ్గేలా, గూడు వదిలిపోయేలా వాటిని చికాకు పెట్టడం కూడా నేరమే. మీ బిల్డర్‌కి తెలియాల్సింది ఇంకొకటి ఉంది. గద్దలు లేనప్పుడు చుట్టూ చేసిన మార్పుల వల్ల, అవి తిరిగొచ్చాక బెదిరి గూడు వదిలేసినా అదీ ఇందులోకే వస్తుంది. మొదటిసారి నేరానికి వ్యక్తికైతే లక్ష డాలర్ల దాకా, కంపెనీకైతే రెండు లక్షల దాకా జరిమానా, ఏడాది వరకు జైలు ఉండొచ్చు. రెండోసారి అయితే ఫెలొనీ, అంటే ఇంకా తీవ్రమైన నేరం. కేసు బిల్డర్‌తో ఆగుతుందనుకోకండి, స్థల యజమానిగా మీ పేరూ రావచ్చు. వీసా మీదో గ్రీన్‌కార్డు దారిలోనో ఉన్నవాళ్లకి క్రిమినల్ కేసు అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంత కఠినం ఎందుకని మీకు అనిపించవచ్చు. చార్లెస్ బ్రోలీ అని కెనడాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఆయన, 1939 నుంచి టాంపా చుట్టుపక్కల పైన్ చెట్లెక్కి, వెయ్యికి పైగా ఈగిల్ పిల్లల కాళ్లకి గుర్తు రింగులు వేశాడు. పిల్లలు ఉత్తరానికి వెళ్తాయని తెలిసింది ఆయన వల్లే. 1940ల చివరికొచ్చేసరికి ఆయనకి గూళ్లలో కనబడే పిల్లలు బాగా తగ్గిపోసాగాయి. డీడీటీ అనే పురుగుమందు మీద అనుమానం చెప్పిన తొలివాళ్లలో ఆయన ఒకడు. ఆ మందు చేపల ద్వారా గద్దల ఒంట్లోకి చేరి గుడ్డు పెంకు పలచబడేది, తల్లి పొదగడానికి కూర్చుంటే చిట్లిపోయేది. 1963లో అలాస్కా మినహా ప్రధాన భూభాగం మొత్తంలో మిగిలినవి 417 జంటలు. 1972లో డీడీటీని నిషేధించారు, గూళ్లకి కాపలా పెట్టారు, నెమ్మదిగా కోలుకున్నాయి. ఇప్పుడు ఫ్లోరిడాలోనే సుమారు 1,500 జంటలున్నాయి. మీ పక్క చెట్టు మీదున్నది అందులో ఒక జంట. మీరు అక్కడ ఇల్లు కట్టుకోబోతున్నారు కాబట్టి ఈ కథ మీకూ కొంత సంబంధించిందే.

ఇక దూరాలు. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 2007 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 660 అడుగులు, 330 అడుగులు అని రెండు కొలతలున్నాయి. కొలవాల్సింది గూడున్న చెట్టు నుంచి. మీ స్థలం హద్దు నుంచి కాదు. మీ ఇల్లు రెండంతస్తులు, అరెకరం లోపే అయితే చిన్న నిర్మాణం కింద లెక్క. అప్పుడు చూడాల్సినవి రెండు. గూట్లోంచి చూస్తే మీ ఇల్లు కనబడుతుందా? మైలు లోపల ఇలాంటి ఇల్లు ముందే ఉందా? ఎక్కడా ఇళ్లు లేకుండా, గూడుకి ఎదురుగా కనబడేలా కడితే 660 అడుగులు వదలాలి. మధ్యలో దట్టంగా చెట్లుండి కనబడకపోతే 330 దాకా రావచ్చు. మీలాగా ముందునుంచీ ఇల్లున్న చోట, కనబడినా సరే, ఆ జంట ఇప్పటికే సహిస్తున్న ఇంటి దూరం దాకా వెళ్లొచ్చు. మీ పొరుగు ఇల్లు 350 దగ్గరుంది, మీది 400. కాబట్టి మీ ఇంటి చోటు ఈ మార్గదర్శకాల్లో ఇముడుతుంది. పొరుగాయన భయం ఇక్కడితో తీరాలి.

అయినా నాదొక సలహా. ఇంటిని ఇంకో అరవై, డెబ్బై అడుగులు నైరుతి వైపు జరపగలిగితే జరపండి. చెట్టు ఈశాన్యంలో ఉంది కాబట్టి ఆ మూల ఖాళీ వదిలి బరువు నైరుతికి తేవడం మీ ఇంట్లో పెద్దవాళ్లకి వాస్తు ప్రకారం కూడా నచ్చుతుంది. చెట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న పైన్‌లు, ఓక్‌లు, పొదలు ఒక్కటీ కొట్టించకండి. అదే మీ తెర. సరస్సు కనబడాలని ఆ వైపు చెట్లు తీయించడం చాలామంది చేసే పని. గద్దకి సరస్సు మీదికి ఎగిరే దారీ, చేప పట్టాక వాలే కొమ్మా అదే వైపు ఉంటాయి.

దూరం కుదిరిందని నవంబర్‌లో మొదలుపెట్టకూడదు. ఫ్లోరిడాలో గూడు సీజన్ అక్టోబర్ 1 నుంచి మే 15 వరకు. 660 అడుగుల లోపల చెట్లు తీయడం, మట్టి పని, బయటి నిర్మాణం, తోట పని ఆ నెలల్లో ఆపుకోవాలి. ఈ సీజన్‌లో అన్ని వారాలూ ఒకటి కావు. పుల్లలు మోస్తూ జత కూడే రోజులు అన్నింటికంటే సున్నితం. ఇంకా గుడ్డు పెట్టలేదు, కాబట్టి ఆ చోటుని పట్టుకుని ఉండాల్సిన అవసరం వాటికి లేదు. ఎక్స్‌కవేటర్ శబ్దానికి బెదిరితే వెళ్లిపోతాయి. మీ బిల్డర్ అడుగుతున్న నవంబర్ సరిగ్గా ఆ సమయమే. తర్వాత గుడ్లు, సుమారు 35 రోజుల పొదుగు. అప్పుడు తల్లి లేచి వెళ్తే జనవరి చలికి గుడ్డు పాడవుతుంది, చిన్న పిల్లలైతే ఎండకి మాడిపోతాయి. పిల్లలకి నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసులో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎనిమిది వారాలు దాటాక మళ్లీ ప్రమాదమే. రెక్కలొచ్చి ఇంకా ఎగరడం రాని పిల్ల పెద్ద చప్పుడుకి గూట్లోంచి దూకేస్తుంది. కింద పడ్డాక బతకడం కష్టం.

మే 15 అన్నది క్యాలెండర్‌లో గీత మాత్రమే. ఆ రోజుకి గూట్లో పిల్ల ఉంటే సీజన్ ముగియనట్టే. కొన్ని జంటలు ముందే గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఎగిరిపోతాయి. అలాంటప్పుడు బయాలజిస్టు చూసి ధ్రువీకరిస్తే కాస్త ముందే మొదలుపెట్టే వీలుంటుంది. ఎగిరాక కూడా పిల్లలు కొన్ని వారాలు ఆ చెట్టు చుట్టూనే, తల్లిదండ్రులు తెచ్చే చేప కోసం తిరుగుతుంటాయన్నది మరచిపోకండి.

అంటే బయటి పనికి మీకు దొరికే సమయం మే 16 నుంచి సెప్టెంబర్ 30 దాకా, నాలుగున్నర నెలలు. ఫ్లోరిడాలో అది వర్షాకాలం, తుపానుల కాలం కూడా. నిజమైన కష్టం ఇక్కడుంది, బిల్డర్లు గొణిగేదీ ఇందుకే. దీన్ని దాటే పద్ధతి ఒకటే. బయటి పనంతా ఆ నెలల్లో ముగించి, లోపలి పని చలికాలానికి వదిలేయడం. మే 16కి అన్ని అనుమతులూ చేతిలో ఉండాలి, ట్రస్సులూ (పైకప్పుని మోసే చట్రాలు) కిటికీలూ ముందే ఆర్డరిచ్చి ఉండాలి. మొదటి రెండు వారాల్లో చెట్లు తీయడం, మట్టి నింపడం. జూన్‌లో స్లాబు. జూలై, ఆగస్టుల్లో గోడలు, ట్రస్సులు, పైకప్పు. సెప్టెంబర్‌లో కిటికీలు, తలుపులు, బయటి ప్లాస్టరింగ్, డ్రైవ్‌వే, సెప్టిక్. అక్టోబర్ 1 నాటికి ఇల్లు మూతపడితే, ఆ తర్వాత వైరింగ్, టైల్స్, క్యాబినెట్లు తలుపులేసుకుని చేసుకోవచ్చు. రంపం, కంప్రెసర్ గ్యారేజీ లోపల పెట్టించండి. లారీలు గూడు వైపు కాకుండా రోడ్డు వైపు దించాలి.

మన ముహూర్తాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల రెండు నెలలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆషాఢం సరిగ్గా ఈ నాలుగున్నర నెలల మధ్యలో పడుతుంది. "శంకుస్థాపన శ్రావణంలో చేద్దాం" అని ఆగితే ఆగస్టు వచ్చేస్తుంది, అక్టోబర్‌కి పైకప్పు పడదు. ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో మంచి రోజు చూసి, ఇంటి చోటు దగ్గరే పదిమందితో నెమ్మదిగా భూమిపూజ, శంకుస్థాపన కానిచ్చేయండి. మైకు వద్దు, గూడు వైపు నడవద్దు. ముహూర్తం దక్కుతుంది, యంత్రాలు మే 16 తర్వాతే వస్తాయి.

దీపావళి ఇంకా ముఖ్యం. అది పడేది అక్టోబర్, నవంబర్‌లలో, గద్దలు జత కూడే రోజుల్లో. గద్దలు వాడుతున్న గూటికి అరమైలు లోపల చాలా పెద్ద శబ్దాలు, ప్రదర్శనల్లో కాల్చే పెద్ద బాణసంచా వద్దని మార్గదర్శకాలు చెబుతాయి. అక్కడ స్థిరపడ్డాక దీపాలు మీ ఇంట్లో, టపాకాయలు వేరే ఊళ్లో అనుకోండి. పిల్లలకి డ్రోన్ కొనిపెడితే అదీ ఆ స్థలంలో ఎగరేయొద్దు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. దూరం పాటిస్తారు, సీజన్ పాటిస్తారు, కానీ రెండేళ్లకి చెట్టే చనిపోతుంది. ఫ్లోరిడాలో వరద మట్టం దాటించడానికి లోడ్లకొద్దీ మట్టి పోసి స్థలాన్ని ఎత్తు చేస్తారు. ఆ మట్టి చెట్టు వేళ్ల మీద అడుగు ఎత్తున పరుచుకుంటే వేళ్లకి గాలి ఆడదు. యంత్రాలు అటూ ఇటూ తిరిగితే నేల గట్టిపడుతుంది. డ్రైనేజీ కాలువ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్లు తెగుతాయి. పైన్ చెట్టు వెంటనే ఏమీ చెప్పదు. మరుసటి వేసవిలో సూదులు పసుపు రంగుకి తిరుగుతాయి. బెరడు మీద పాప్‌కార్న్ గింజలంత జిగురు ముద్దలు తేలతాయి, అంటే బలహీనపడ్డ చెట్టుని ఇప్స్ పురుగు తొలుస్తోందన్నమాట. అప్పటికి చేసేదేమీ ఉండదు. కాబట్టి చెట్టు మాను ఎన్ని అంగుళాల మందమో అన్ని అడుగుల వ్యాసార్థంతో చుట్టూ గట్టి కంచె వేయించండి. 24 అంగుళాల మానుకి కనీసం 24 అడుగులు, వీలైతే ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ నారింజ వల కాదు, యంత్రం తోసుకుని పోలేనిది కావాలి. చెట్టు పక్కవాళ్లది కాబట్టి వాళ్లతో మాట్లాడి, మీ హద్దు వైపున్న వేళ్ల దాకా కంచె వచ్చేలా చూసుకోండి. వాననీరు ఆ వైపు నిలిచేలా నేల వాలు మార్చకండి. గూడు చెట్టు ఒక్కటే చాలదు. గద్దలు తర్వాత వాడుకునేవి, రాత్రి వాలేవి ఆ చుట్టుపక్కల ముదురు పైన్‌లే. లేత చెట్టు అంత బరువు మోయలేదు.

సెప్టెంబర్ దాటి బయటి పని మిగిలిపోయే పరిస్థితి వస్తే దాచిపెట్టి కానిచ్చేయకండి. 2024లో నిబంధనలు మార్చి, ఇళ్ల నిర్మాణం లాంటి పనుల వల్ల బాల్డ్ ఈగిల్‌కి కలిగే ఇబ్బందికి సాధారణ పర్మిట్ తెచ్చారు. మునుపటికంటే సులువుగా దొరుకుతుంది, కానీ షరతులూ గమనింపూ నివేదికా ఉంటాయి. ఫ్లోరిడాలో 2017 నుంచి రాష్ట్రం వేరే ఈగిల్ పర్మిట్ అడగడం లేదు, ఫెడరల్‌ది చాలు. కౌంటీ నియమాలు మాత్రం విడిగా అడిగి తెలుసుకోండి.  గూడు తీసేయడానికి పర్మిట్ అన్నది పూర్తిగా వేరే దారి. ఇంటి ప్లాన్‌కి అడ్డంగా ఉందన్న కారణంతో దాని మీద ఆశ పెట్టుకోకండి.

సైటులో గమనించేవాళ్లు ఏం చూడాలంటే, పక్షి తీరు. గూట్లో కూర్చున్న గద్ద మామూలుగా తల దించుకుని నిశ్చింతగా ఉంటుంది. చికాకు పడితే ముందు మెడ నిటారుగా సాగదీసి శబ్దం వైపు చూస్తుంది. ఆ తర్వాత లేచి నిలబడుతుంది, రెక్కలు కాస్త విప్పుతుంది, సన్నగా కీచుమంటూ ఆగకుండా అరుస్తుంది. ఇక్కడే పని ఆపాలి. ఎగిరిపోయాక ఆపితే ఆలస్యమైపోయినట్టే. ఈ ఆపే అధికారం బయాలజిస్టుకి ఉంటుందని కాంట్రాక్టులో రాయించండి. అక్టోబర్ నుంచి మే దాకా పని ఆగితే ఆలస్య రుసుము ఉండదన్న వాక్యం కూడా ఉండాలి. మట్టి పని సబ్‌కాంట్రాక్టర్‌కి కంచె మ్యాపు విడిగా ఇచ్చి సంతకం తీసుకోండి, ఎందుకంటే బాబ్‌క్యాట్ (మట్టి తోసే చిన్న యంత్రం) నడిపేవాడికి మీ ప్రధాన కాంట్రాక్టు చూసే అవకాశం ఉండదు.

తుపాను వచ్చి గూడు పడిపోతే పని సులువైందనుకోకండి. గాలివానకి గూడు పోయినా మూడు పూర్తి సీజన్ల దాకా ఆ చోటుని గూడున్నట్టే కాపాడమని మార్గదర్శకాలు చెబుతాయి. 2022లో ఇయన్ తుపాను నార్త్ ఫోర్ట్ మైయర్స్‌లో కెమెరా ద్వారా లోకమంతా చూసే గూటిని తుడిచిపెట్టేసింది. ఆ జంట తిరిగొచ్చి ఆ సీజన్‌లోనే మళ్లీ కట్టుకుంది, అందులో పిల్లలూ పుట్టాయి.

ఇల్లు పూర్తయ్యాక కూడా కొన్నున్నాయి. ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్న ఎలుకని గద్ద తింటే దానికీ ఎక్కుతుంది. సరస్సులో చేపలు పట్టేవాళ్లు తెగిన గాలపు తీగ ఒడ్డున వదిలేయకుండా చూడండి. పిల్లలు ఈక దొరికిందని సరదాగా ఇంటికి తెస్తారు. రాలిపోయిన ఈక అయినా దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం, ఉన్నచోటే వదిలేయమని చెప్పండి. అధికారుల చేతికొచ్చిన ఈకలు కొలరాడోలోని జాతీయ ఈగిల్ భాండాగారం ద్వారా మూలవాసీ తెగలకి, వాళ్ల పూజల కోసం వెళ్తాయి.

ఇంకా కొనబోతున్నవాళ్లకి ఒక మాట. పక్షుల సంరక్షణ సంస్థ ఆడుబాన్ ఫ్లోరిడా వాళ్ల ఈగిల్‌వాచ్ మ్యాపు చూడండి, కానీ మ్యాపులో లేదంటే గూడు లేదని కాదు. స్థలం చుట్టూ నడిచి ముదురు పైన్‌ల పైభాగం చూడండి. ఎండిన మాను కొసనో, స్తంభం మీదో ఉంటే అది ఆస్ప్రే (చేపలు పట్టే ఇంకో పక్షి) గూడు అయ్యే అవకాశం ఎక్కువ. ఈగిల్ గూడు ఎక్కువగా బతికున్న చెట్టులో, చెట్టు కొసకి కాస్త దిగువన, గట్టి కొమ్మల చీలికలో ఉంటుంది. కింద తెల్లటి రెట్ట, చేప ముళ్లు, లావు పుల్లలు పడి ఉంటాయి. ఇదంతా డబ్బు వెనక్కి తీసుకునే గడువు ముగిసేలోపే చేయాలి.

మీరు ఈ వారం చేయాల్సింది, సర్వేయర్‌ని పిలిచి చెట్టు నుంచి ఇంటి మూలకి కచ్చితమైన దూరం కొలిపించడం. మీరు చెప్పిన 400 కళ్లతో వేసిన అంచనా అయితే అది 320 కూడా కావచ్చు, అప్పుడు నేను చెప్పింది చాలావరకు మారిపోతుంది. కొలత వచ్చాక ప్లాట్ ప్లాన్ పెట్టండి, చూసి చెబుతాను. చిరునామా, సరస్సు పేరు మాత్రం చెరిపేసి పెట్టండి. గూడు ఎక్కడుందో తెలిస్తే ఫొటోల కోసం వచ్చేవాళ్లతో ఇంకో గొడవ మొదలవుతుంది.